ఒడంబడిక కోర్టు గుమ్మం దాటేదెలా: కొత్త ప్రజాస్వామ్యాల్లో రాజ్యాంగ న్యాయస్థానాలు, మానవ హక్కులు

తిరుపతిలో ఎల్‌.ఎల్‌.ఎం. చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "నియంతృత్వం నుంచో, వర్ణవివక్ష నుంచో, అంతర్యుద్ధం నుంచో బయటపడిన దేశాల్లో రాజ్యాంగ న్యాయస్థానాలు అంతర్జాతీయ మానవ హక్కుల ఒడంబడికలను నిజంగా అమలు చేస్తున్నాయా, లేక తీర్పుకు అలంకారంగా వాడుకుంటున్నాయా? రేపు జిల్లా కోర్టులో ప్రాక్టీసు పెట్టబోయే నాలాంటి వాళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?"

అమ్మా, మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. మొదటిదానికి జవాబు సగం అందులోనే ఉంది. నేను చిత్తూరులోనూ తిరుపతిలోనూ చాలా ఏళ్లు సివిలు పక్కన ప్రాక్టీసు చేసినవాణ్ణి, కొంతకాలం లా విద్యార్థులకు రాజ్యాంగం చెప్పినవాణ్ణి. అందుకని కోర్టు హాల్లోంచే మొదలుపెడతాను.

మన కోర్టుల్లో ప్రోనోటు దావాలు ఎన్ని నడుస్తాయో మీరు చూసే ఉంటారు. వేరుశనగ ఎండిపోయినా, తోతాపురి మామిడికి ధర లేకపోయినా ఆ బాకీలే తరువాత దావాలై వస్తాయి. డిక్రీ, అంటే బాకీ కట్టమన్న కోర్టు ఉత్తర్వు, అయ్యాక డబ్బు రాకపోతే డిక్రీదారు దాన్ని అమలు చేయించమని ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేస్తాడు. ఆస్తి జప్తు అడగకుండా, మనిషినే అరెస్టు చేసి సివిలు జైలుకు పంపమని అడగడం మామూలే. సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షను, 21వ ఆర్డరులో 37, 38 రూల్సు దీనికి ఆధారం. కోర్టు ఉద్యోగి అమీనా వారంటు పట్టుకుని ఊళ్లోకి వస్తే ఆ ఇంటి పరువు ఏమవుతుందో పల్లెలో పుట్టినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అప్పు చేసైనా ఆ అప్పు తీర్చేస్తారు. డిక్రీదారుకు కావలసిందీ అదే.

ఆ దశలో బాకీదారు తరఫున నిలబడే ప్లీడరుకు ఉన్న గట్టి ఆధారం 1980 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన జాలీ జార్జ్ వర్గీస్ వర్సెస్ బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ తీర్పు. జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1966లో ఆమోదించింది, మన దేశం 1979లో అందులో చేరింది. దాని 11వ అధికరణ ఒక్క వాక్యమే: ఒప్పందం ప్రకారం చెల్లించాల్సింది చెల్లించలేకపోయినంత మాత్రాన ఎవరినీ జైల్లో పెట్టకూడదు. ఆ ఒడంబడిక నేరుగా మన చట్టం కాదని కృష్ణయ్యర్ మొదటే ఒప్పుకున్నారు. పార్లమెంటు చట్టం చేస్తే తప్ప దాని కింద ఎవరూ కోర్టుకు రాలేరన్నారు. కానీ అక్కడ ఆగలేదు. 51వ సెక్షను ప్రొవైజోను, అంటే అందులోని షరతు భాగాన్ని, ఆ 11వ అధికరణ వెలుగులో, ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణ వెలుగులో చదివారు. బాకీదారుకు ఒకప్పుడు డబ్బుండేదని చూపిస్తే చాలదు. ఇప్పుడు స్తోమత ఉండి, దురుద్దేశంతో ఎగవేస్తున్నాడని తేలితేనే జైలు. స్తోమత విచారణ జరగాలి. అది రుజువు చేయాల్సింది డిక్రీదారు.

ఈరోజు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మీన్స్ ఎంక్వైరీ, అదే స్తోమత విచారణ, పెట్టకుండా అరెస్టు ఆర్డరు వేస్తే అది పైకోర్టు రివిజన్‌లో నిలవదు. ఆ ఆర్డరులో ఒడంబడిక పేరు ఉండదు. బాకీదారుకు, అమీనాకు, చాలాసార్లు ప్లీడరుకు కూడా దాని సంగతి తెలియదు. అయినా ఐక్యరాజ్యసమితి రాతకోతల్లోని ఒక వాక్యం మన మదనపల్లె, పలమనేరు, పుత్తూరు రైతును జైలుకు పోకుండా ఆపుతోంది. జిల్లా కోర్టులో మీకు పనికొచ్చేది ఏముందని అడిగారు గదా, ఇది ఉంది.

ఇప్పుడు ఇదే అధికరణను కెన్యాలో చూడండి. అక్కడ 2010 ఆగస్టులో కొత్త రాజ్యాంగం వచ్చింది. కెన్యా ఆమోదించిన ప్రతి ఒడంబడికా కెన్యా చట్టంలో భాగమే అని దాని 2వ అధికరణ 6వ క్లాజు సూటిగా అంటుంది. మనకు అలాంటి క్లాజు లేదు. ఆ ఏడాదే జిప్పోరా వాంబుయి మాతారా అనే కేసులో హైకోర్టు జడ్జి మార్తా కూమే, తరువాత ఆ దేశపు ప్రధాన న్యాయమూర్తి అయిన ఆవిడే, 11వ అధికరణను నేరుగా వర్తింపజేసి బాకీ కోసం సివిలు జైలుకు పంపడం చెల్లదన్నారు. రెండేళ్లకు బియాట్రిస్ వాంజికు కేసులో జస్టిస్ మజాంజా దాన్ని కొంచెం సరిదిద్దారు. ఒడంబడిక పార్లమెంటు చేసిన చట్టాన్ని దానంతటదే కొట్టేయదు, చెల్లించలేనివాడికీ చెల్లించనివాడికీ తేడా చూడాలి, విచారణ లేకుండా జైలు కూడదు అన్నారు. అంటే అంత బలమైన క్లాజు చేతిలో పెట్టుకుని కెన్యా కోర్టు చివరికి నిలబడిన చోటు, క్లాజే లేకుండా కృష్ణయ్యర్ 32 ఏళ్ల ముందు నిలబడిన చోటుకు చాలా దగ్గర.

ఈ పోలిక మీద నేను చాలా ఆలోచించాను. రాజ్యాంగంలో ఒడంబడికకు ఎంత పెద్దపీట వేశారనేది మన పుస్తకాల్లో మొదటి అధ్యాయంగా ఉంటుంది. అక్కడే ఆగిపోతే అసలు సంగతి కంటికి ఆనదు. నా ఉద్దేశంలో చూడాల్సినవి రెండు. హక్కు పోయిన మనిషి ఆ కోర్టు దాకా ఎంత సులువుగా రాగలడు? తీర్పు చెప్పాక కోర్టు ఆ సంగతిని ఎంతకాలం పట్టుకుంది? మిగతా అంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే చెప్తాను.

దక్షిణాఫ్రికా పేరు లేకుండా ఈ చర్చ నడవదు. 1995 ఫిబ్రవరి 14న మండేలా అక్కడి రాజ్యాంగ న్యాయస్థానాన్ని ప్రారంభించారు. మర్నాడే మక్వాన్యానే కేసులో వాదనలు మొదలయ్యాయి: ఉరిశిక్ష చెల్లుతుందా? మధ్యంతర రాజ్యాంగం దాని గురించి కావాలనే ఏమీ చెప్పకుండా వదిలేసింది. జనంలో ఎక్కువమంది ఉరి ఉండాలనే అంటున్నారని ప్రాసిక్యూషన్ వాదన. జూన్ 6న పదకొండు మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, కానీ ఎవరి అభిప్రాయం వాళ్లు విడివిడిగా రాసి, ఉరిని రద్దు చేశారు.

మీ మొదటి ప్రశ్నకు ఈ తీర్పు చాలా ముఖ్యం, ఎందుకంటే అంతర్జాతీయ చట్టం అక్కడ రెడీమేడ్ జవాబు ఇవ్వలేదు. పౌర హక్కుల ఒడంబడిక 6వ అధికరణ ఉరిని పూర్తిగా నిషేధించదు, షరతులతో ఉండనిస్తుంది. అధ్యక్ష న్యాయమూర్తి ఆర్థర్ చాస్కల్సన్ ఆ మాట దాచలేదు. యూరోపు కోర్టు తీర్పు, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అభిప్రాయాలు, అమెరికా, కెనడా, హంగరీ తీర్పులు వరసగా పెట్టి, ఏది ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కడ ఆగుతుందో విడమరిచి చెప్పారు. ఉరిశిక్ష చెల్లుతుందన్న మన సుప్రీంకోర్టు బచన్ సింగ్ తీర్పును కూడా శ్రద్ధగా చదివారు. చదివి, చట్టబద్ధ పద్ధతిలో ప్రాణం తీయవచ్చని భారత రాజ్యాంగం 21వ అధికరణలోనే అర్థం వస్తుంది, మా రాజ్యాంగంలో అలాంటి మాట లేదు, కాబట్టి ఆ దారి మాది కాదు అన్నారు. జనాభిప్రాయమే అన్నీ తేల్చేస్తే రాజ్యాంగం ఎందుకు, కోర్టు ఎందుకు అని అడిగారు. ఆ పక్కనే జస్టిస్ మొక్గోరో, జస్టిస్ లాంగా వంటివాళ్లు తమ నేల మీది "ఉబుంటు" భావన, మనిషి తోటి మనుషుల వల్లే మనిషి అవుతాడన్న భావన, తీర్పుకు ఆధారంగా తెచ్చారు. బయటి ప్రమాణం ఒక చేతా, సొంత నేల గాయం ఒక చేతా పట్టుకున్నారు కనుకే ఆ తీర్పు ఈరోజుకూ నిలబడి ఉంది. ఆ కోర్టు ఇప్పుడున్నది జొహానెస్‌బర్గ్‌లో పాత జైలు ఆవరణలో. గాంధీజీ, మండేలా ఇద్దరూ ఖైదీలుగా ఉన్న చోటు అది. కూల్చిన జైలు గదుల ఇటుకలనే కోర్టు కట్టడంలో వాడారు.

అలంకారమా, ఆధారమా అని తేల్చుకోవడానికి నా విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష చెప్పేవాణ్ణి. ఒడంబడిక పేరున్న పేరాలు తీసేసి తీర్పు మళ్లీ చదవండి. ఫలితం మారకపోతే అది అలంకారానికి దగ్గర. మన విశాఖ తీర్పు, 1997 ఆగస్టుది, ఆ పరీక్షకు గట్టిగా నిలుస్తుంది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయిన ఒక గ్రామ కార్యకర్తపై 1992లో జరిగిన అఘాయిత్యం నుంచి పుట్టిన కేసు. పని చేసేచోట లైంగిక వేధింపుల మీద అప్పటికి దేశంలో చట్టమే లేదు. మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడికను మన దేశం 1993లో ఆమోదించింది. కోర్టు దాన్ని తీసుకుని, సమానత్వం, స్వేచ్ఛ, జీవించే హక్కు ఇచ్చే మన రాజ్యాంగం 14, 19, 21 అధికరణల్లోకి చదివి, పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవే నియమాలు అని శాసించింది. ఒడంబడికను తీసేస్తే ఆ తీర్పులో నియమాలకు పునాదే ఉండదు. పార్లమెంటు చట్టం 2013లో వచ్చింది. ఆ పదహారేళ్లూ ఆఫీసుల్లో, కాలేజీల్లో కమిటీలు వేయమని అడగడానికి ఉన్న ఆధారం ఆ తీర్పే.

ఇంకొకటి, దీనికి తగినంత పేరు రాలేదని నాకు బాధ. మన ప్రభుత్వం 1979లో పౌర హక్కుల ఒడంబడికలో చేరినప్పుడు, అక్రమ నిర్బంధానికి పరిహారం ఇవ్వాలన్న 9వ అధికరణ 5వ క్లాజు మాకు వర్తించదని మినహాయింపు పెట్టుకుంది. 1993లో నీలబతీ బెహెరా కేసులో, ఒడిశాలో పోలీసు నిర్బంధంలో చనిపోయిన కుర్రాడి తల్లికి సుప్రీంకోర్టు లక్షన్నర రూపాయల పరిహారం ఇప్పించింది, అదే క్లాజును తోడు తెచ్చుకుని. తరువాత డి.కె. బసు తీర్పులో, మా తీర్పుల వల్ల ఆ మినహాయింపుకు ఇక అర్థం లేకుండా పోయిందని తేల్చి చెప్పింది. ప్రభుత్వం సంతకం దగ్గర మూసిన తలుపును కోర్టు లోపలి నుంచి తీసింది. కొత్త ప్రజాస్వామ్యాల మీద రాసేవాళ్లు భారతదేశాన్ని పాత ప్రజాస్వామ్యం కింద పక్కన పెట్టేస్తారు, నాకది సరి అనిపించదు. విశ్వ మానవ హక్కుల ప్రకటన 1948 డిసెంబరు 10న వచ్చేనాటికి మన రాజ్యాంగ సభ ఢిల్లీలో అధికరణాల మీద చర్చిస్తూ ఉంది. ఆ ప్రకటన మొదటి అధికరణలో మగవాళ్లనే స్ఫురింపజేసే పదం మార్చి "మానవులందరూ" అని రాయించిన హంసా మెహతా మన రాజ్యాంగ సభ సభ్యురాలు కూడా. చిత్తూరులో వకీలుగా పనిచేసిన మన తిరుచానూరు మాడభూషి అనంతశయనం అయ్యంగారు కూర్చున్నదీ ఆ సభలోనే. మనమూ ఆ రోజు కొత్తవాళ్లమే.

మన పద్ధతికి హద్దు ఎక్కడుందో కూడా తెలుసుకోండి. మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి 1984లో గ్రామఫోన్ కంపెనీ కేసులో దాన్ని స్పష్టంగా గీశారు. సింగపూర్ నుంచి కలకత్తా మీదుగా నేపాల్ వెళ్తున్న దొంగ క్యాసెట్ల కేసు అది. అంతర్జాతీయ చట్టం మన చట్టంలో కలిసిపోతుంది, కానీ పార్లమెంటు చట్టానికి ఎదురు పడితే పార్లమెంటుదే పైచేయి. కోర్టు చేయగలిగింది, చట్టాన్ని వీలైనంతవరకూ ఒడంబడికతో పొసిగేలా చదవడం. నేపాల్‌లో దీనికి తలకిందులు. వాళ్ల 1990 నాటి ఒడంబడికల చట్టం 9వ సెక్షను ప్రకారం, దేశీయ చట్టం ఒడంబడికకు విరుద్ధంగా ఉంటే ఆ మేరకు ఒడంబడికే చెల్లుతుంది. రాజు అధికారాలు పోయి గణతంత్రం ఇంకా రాని 2007లో అక్కడి సుప్రీంకోర్టు సునీల్ బాబు పంత్ కేసులో మూడో జెండర్‌ను గుర్తించమంది. అదే ఏడాది అంతర్యుద్ధంలో మాయమైనవాళ్ల కేసులో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం చట్టం చేయమని ఆదేశించింది. మొదటి తీర్పును మన సుప్రీంకోర్టు 2014లో ట్రాన్స్‌జెండర్ల హక్కుల తీర్పులో ప్రస్తావించింది. రెండో ఆదేశం కాగితం మీద ఏళ్లూపూళ్లూ నానింది.

ఆ నానడం దగ్గరికే వద్దాం. దక్షిణాఫ్రికాలో 2000 అక్టోబరులో గ్రూట్‌బూమ్ తీర్పు వచ్చింది. ఇళ్లు లేక, ఆక్రమించిన స్థలం నుంచి గెంటేస్తే ఆటస్థలంలో ప్లాస్టిక్ షీట్ల కింద తలదాచుకున్న 510 మంది పిల్లలు, 390 మంది పెద్దల కేసు. తీర్పు రాసిన జస్టిస్ జాక్ యాకూబ్ డర్బన్‌కు చెందిన భారత సంతతి మనిషి, పసితనంలోనే చూపు పోయినవారు. ఆర్థిక, సామాజిక హక్కుల ఒడంబడికను దక్షిణాఫ్రికా అప్పటికి ఆమోదించనే లేదు, ఆ పని 2015లో గానీ జరగలేదు. అయినా వాళ్ల రాజ్యాంగం 39వ సెక్షను, హక్కుల అర్థం తేల్చేటప్పుడు కోర్టు అంతర్జాతీయ చట్టాన్ని చూసి తీరాలంటుంది. కాబట్టి యాకూబ్ చూశారు. ప్రతి హక్కుకూ తగ్గించడానికి వీల్లేని కనీస మట్టం ఒకటి ఉంటుందన్న ఐక్యరాజ్యసమితి కమిటీ సిద్ధాంతాన్ని తూచి, ఆ మట్టం ఎంతో తేల్చడానికి మా దగ్గర సమాచారం లేదని పక్కన పెట్టి, ప్రభుత్వ పథకం సమంజసంగా ఉందా లేదా అన్నదే కొలత అన్నారు. అత్యంత దుస్థితిలో ఉన్నవాళ్లను పట్టించుకోని పథకం సమంజసం కాదని తేల్చారు.

తీర్పు ప్రపంచమంతా పాఠమైంది. మీ సిలబస్‌లోనూ ఉండే ఉంటుంది. కానీ ఆదేశం ఏమిటి? ప్రభుత్వానికి ఈ బాధ్యత ఉందని ప్రకటన. ఫలానా తేదీకి ఫలానా పని అని లేదు, మళ్లీ వచ్చి నివేదిక ఇమ్మని లేదు. గమనించే పని మానవ హక్కుల కమిషన్‌కు అప్పగించి కోర్టు తన పని ముగించింది. ఏ తల్లి పేరు మీద ఆ కేసు నడిచిందో ఆ ఇరీన్ గ్రూట్‌బూమ్ 2008లో గుడిసెలోనే కన్నుమూసింది. ఈ వాక్యం మీ థీసిస్‌లో ఫుట్‌నోటుగా వేయకండి, పై భాగంలో రాయండి.

అదే కోర్టు, అదే కొలత, రెండేళ్ల తరువాత, 2002లో ఫలితం వేరుగా వచ్చింది. హెచ్‌ఐవీ ఉన్న తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే నెవిరపీన్ మందును ప్రభుత్వం రాష్ట్రానికి రెండు చోట్లే ఇస్తోంది. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ కోర్టుకు వెళ్లింది. ఆంక్షలు ఎత్తేసి అన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు అందుబాటులో పెట్టమని కోర్టు స్పష్టంగా ఆదేశించింది. ఇక్కడ ఆదేశానికి కోరలున్నాయి. ఆదేశం తరువాత ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగి మందు వచ్చిందా అని అడిగే ఉద్యమం ఉంది. ఆటస్థలంలోని తల్లుల వెనక అలాంటి బలగం లేదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించేది కొలంబియా. దశాబ్దాల అంతర్యుద్ధం మధ్యలో 1991లో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. 93వ అధికరణ ప్రకారం మానవ హక్కుల ఒడంబడికలు దేశీయ చట్టంపై చెల్లుతాయి. కానీ అసలు బలం 86వ అధికరణలోని "తుతేలా"ది. హక్కుకు భంగం కలిగిన ఎవరైనా, వకీలు లేకుండా, దగ్గర్లో ఉన్న ఏ జడ్జి దగ్గరైనా, మామూలు కాగితం మీద రాసి ఇవ్వచ్చు. పది రోజుల్లో జడ్జి తేల్చాలి. తేల్చినవన్నీ రాజ్యాంగ న్యాయస్థానానికి చేరతాయి, వాటిలో కొన్నింటిని అది ఎంచుకుని సమీక్షిస్తుంది. కింద ఊరి కోర్టులో ఏ బాధ పదే పదే వస్తోందో పైకోర్టుకు కనబడుతుంది.

అలా కనబడిందే 2004 నాటి టి-025 తీర్పు. యుద్ధం వల్ల ఊళ్లు వదిలిన 1,150 కుటుంబాలు వేసిన 108 తుతేలాలను జస్టిస్ మనుయెల్ హోసే సెపెదా బెంచి కలిపి విన్నది. ఇది ఒక అధికారి తప్పు కాదు, మొత్తం ఏర్పాటే రాజ్యాంగ విరుద్ధ స్థితిలో ఉందని ప్రకటించింది. స్వదేశంలోనే నిర్వాసితులైనవారి మీద ఐక్యరాజ్యసమితి 1998 నాటి మార్గదర్శక సూత్రాలను కొలతగా పెట్టుకుంది. అవి ఒడంబడిక కూడా కావు, ఏ దేశమూ వాటి మీద సంతకం చేయలేదు. తరువాత కోర్టు చేసిన పని చూడండి. ఆ ఫైలు మూయలేదు. ఏళ్ల తరబడి బహిరంగ విచారణలు పెట్టింది. మంత్రిత్వ శాఖలను లెక్కలు అడిగింది. ఎంత మెరుగైందో కొలిచే సూచికలు తయారు చేయించింది. మహిళా నిర్వాసితుల మీద 2008లో విడిగా ఒక ఆదేశం ఇచ్చింది. సమస్య మొత్తం తీరిందని నేను అనను, యుద్ధం ఆగని చోట కోర్టు అంతా తీర్చలేదు. కానీ నిర్వాసితుల కోసం ఖర్చుపెట్టే బడ్జెట్టు పెరిగింది, వాళ్లు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కారు.

దీనికి ఎదురు ఉదాహరణ హంగరీ. కమ్యూనిస్టు పాలన పోయాక 1990 జనవరి 1న పని మొదలుపెట్టిన రాజ్యాంగ న్యాయస్థానం, లాస్లో షోయోమ్ అధ్యక్షతలో, ఆ అక్టోబరులోనే ఉరిని రద్దు చేసింది. 1956 తిరుగుబాటును అణచినవాళ్లతో సహా, పాత పాలనలో రాజకీయ కారణాల వల్ల శిక్ష తప్పించుకున్నవారిని శిక్షించాలని వచ్చిన చట్టాన్ని 1992లో కొట్టేసింది, గడువు తీరిన నేరాన్ని వెనక్కి వెళ్లి తెరవడం చట్టపాలన కాదని. మరుసటేడు, యుద్ధ నేరాలకు, మానవాళిపై నేరాలకు గడువు లేదన్న అంతర్జాతీయ నియమం ప్రకారమైతే విచారించవచ్చని దారి చూపింది. ఒడంబడికను ఇంత జాగ్రత్తగా తూచి వాడిన కోర్టులు తక్కువ. అక్కడ ఎవరైనా సరే, తనకు సొంతంగా నష్టం జరగకపోయినా, ఏ చట్టాన్నైనా ప్రశ్నిస్తూ కోర్టుకు రావచ్చు.

2010లో మూడింట రెండు వంతుల మెజారిటీతో వచ్చిన ప్రభుత్వం ఏం చేసిందో గమనించండి. పదవి వదిలేటప్పుడు తీసుకున్న సొమ్ము మీద వెనక తేదీ నుంచి 98 శాతం పన్ను వేస్తే కోర్టు కొట్టేసింది. వెంటనే బడ్జెట్టు, పన్నుల చట్టాల మీద కోర్టు అధికారం కత్తిరించారు. 2011లో జడ్జీల సంఖ్య 11 నుంచి 15కు పెంచారు. 2012 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రాజ్యాంగంతో ఎవరైనా రావచ్చన్న దారి మూసేశారు. 2013లో నాలుగో సవరణతో పాత తీర్పుల బలమే తీసేశారు. ఒడంబడికలను ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవలసిన అవసరం రాలేదు. జనం లోపలికి వచ్చే దారి మూస్తే లోపలి పుస్తకాలు ఎన్ని ఉన్నా ఒకటే. కోర్టును లొంగదీసుకోవాలనుకునే ప్రభుత్వం దేన్ని పట్టుకుంటుందో ఇది చూపిస్తుంది, అందుకే ఈ దేశాన్ని మీ పరిశోధనలోంచి వదిలేయకండి.

మన దగ్గర తీర్పు తరువాత ఏమవుతుందో మన కొండలే చెప్తాయి. ఎన్‌కౌంటర్ చావుల మీద ఎఫ్‌ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి చేస్తూ సుప్రీంకోర్టు 2014 సెప్టెంబరు 23న 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరేడు నెలలు తిరక్కుండా 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కోతకు వచ్చారంటూ 20 మంది తమిళనాడు మనుషులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ రంగంలోకి దిగింది, హైకోర్టులో పిటిషన్లు నడిచాయి. చిత్రహింసల నిరోధక ఒడంబడిక మీద 1997లోనే సంతకం పెట్టిన మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. తీర్పు బావున్నంత మాత్రాన చాలదని నేను ఇంత గట్టిగా అనడానికి, పక్క కొండ మీద జరిగినదాన్ని మర్చిపోలేకపోవడమూ ఒక కారణం.

మీ థీసిస్ విషయానికొస్తే, ఐదారు దేశాలు పెట్టుకుని ఒక్కోదానికి ఒక్కో అధ్యాయం రాయకండి. అలాంటివి అలమారా నిండా ఉన్నాయి. ఒక్క జత తీసుకోండి: కొలంబియా తుతేలా, హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లనిచ్చే మన రాజ్యాంగం 32వ అధికరణ. 32వ అధికరణ 3వ క్లాజు చదివారా? హక్కుల అమలు కోసం సుప్రీంకోర్టుకున్న అధికారాలను, తమ పరిధిలో, వేరే ఏ కోర్టుకైనా పార్లమెంటు చట్టం ద్వారా ఇవ్వచ్చని ఉంది. పార్లమెంటు ఇంతవరకూ ఆ చట్టం చేయలేదు. కుప్పంలో ఒక కూలీకి పోలీస్ స్టేషన్లో దెబ్బలు తగిలితే రిట్ వేయడానికి అమరావతి పోవాలి. బొగోటాకు ఎంత దూరంలో ఉన్న కొలంబియా కూలీ అయినా తన ఊరి జడ్జి దగ్గరికి నడిచి పోతాడు. ఒడంబడికలు మన దేశంలో ఇంకా పైకోర్టుల సొత్తుగా ఉండిపోవడానికి ఇదే పెద్ద కారణమని నా గట్టి నమ్మకం.

దాంతోపాటు 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం చూడండి. దాని 2వ సెక్షనులో మానవ హక్కుల నిర్వచనంలోనే అంతర్జాతీయ ఒడంబడికలు ఉన్నాయి. 30వ సెక్షను ప్రకారం జిల్లాకొక సెషన్స్ కోర్టును మానవ హక్కుల కోర్టుగా ప్రకటించవచ్చు, 31వ సెక్షను ప్రకారం ప్రత్యేక ప్రాసిక్యూటరును పెట్టవచ్చు. ఆ కోర్టు విచారించాల్సిన నేరాలేవో మాత్రం చట్టం చెప్పదు. ఆ ఒక్క లోటు వల్ల ఆ కోర్టు బోర్డు మీద పేరు దాటి పెద్దగా ముందుకు రాలేకపోయింది. 2022లో తిరుపతి కొత్త జిల్లా అయింది, కాబట్టి చిత్తూరు, తిరుపతి రెండు చోట్లా సెషన్స్ కోర్టుల్లో ఈ సెక్షను కింద ఏం దాఖలైంది, ఏమైంది అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వాళ్లను కలవండి. టి-025 తీర్పు సారాంశం ఇంగ్లీషులో దొరుకుతుంది, దానిలో ఆదేశాల భాగం ముందు చదవండి, తర్కం తరువాత. గ్రూట్‌బూమ్ ఆదేశాలను దాని పక్కన పెట్టుకుని చదివితే నేను ఇంతసేపు చెప్పిన తేడా మీకు రెండు పేజీల్లో దొరుకుతుంది.